సినిమా అవ్వగానే హాలు ఖాళీ అయిపోతోంది, చర్చకు జనం నిలవాలంటే ఏం చేయాలి?

సాయంసంధ్య | ఆదివారం ఉదయం 8:10

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న సాంస్కృతిక కేంద్రంలో కార్యక్రమాలు చూసే బృందంలో ఉన్నాను. జీతం కోసం చేసే పని కాదు, ఇష్టం కొద్దీ చేస్తున్నది. నెలకి రెండు సినిమాలు, ఒక నాటకమో నృత్యమో, ఒక బహిరంగ చర్చ పెడతాం. అన్నిటికీ ఒకటే హాలు. 120 కుర్చీలు, అన్నీ ఎత్తి జరుపుకునేవే. నేల చదును.

నిన్న సాయంత్రం సినిమాకి 74 మంది వచ్చారు. తలుపు దగ్గర నేనే లెక్కపెట్టాను. ఆఖర్న పేర్లు పడటం మొదలవగానే లైట్లు వేశాం. మైకు తీసుకుని "ఇప్పుడు చర్చ ఉంటుందండీ" అనేలోపే సగం మంది లేచి నిలబడ్డారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మిగిలింది 11 మంది. ఆ 11 మందిలో ఇద్దరే 35 నిమిషాలు మాట్లాడారు. అందులో ఒకాయన ఆ దర్శకుడి పాత సినిమాలన్నిటి గురించీ చెప్పారు. మేం అప్పుడే చూసిన సినిమా ఊసే రాలేదు. మిగతా తొమ్మిది మందీ నోరు విప్పలేదు.

తాళం వేసి బయటికొస్తే మెట్ల మీద ఒక కుర్రాడు, ఒక పెద్దావిడ నిలబడి ఆఖరి సీను గురించి వాదించుకుంటున్నారు. ఆవిడ "తప్పు ఆ పిల్లది కాదు" అంటోంది, అతను "మరి చెప్పి వెళ్ళొచ్చుగా" అంటున్నాడు. నేను హాల్లో కూర్చుని ఎదురుచూసిన మాటలు అవే. అవి లోపలికి ఎందుకు రాలేకపోయాయో నాకు రాత్రంతా అర్థం కాలేదు. ఇలాంటి కార్యక్రమాలు నడిపినవాళ్ళు, చూడటానికి వెళ్ళేవాళ్ళు, ఎవరైనా సరే చెప్పండి.

మూడోవరస | ఆదివారం ఉదయం 9:02

సంధ్య గారూ, నేను లేచి వెళ్ళిపోయేవాళ్ళలో ఒకణ్ణి, అందుకని చెప్తున్నాను. మంచి సినిమా చూశాక నాకు కాసేపు గొంతు పట్టేస్తుంది. ఆ టైంలో ఉన్నపళంగా ట్యూబులైట్లన్నీ వెలిగితే, కళ్ళు తడిగా ఉన్నప్పుడు ఎవరో ఫొటో తీసినట్టు ఉంటుంది. పక్కవాళ్ళ మొహం చూడలేను. అలాంటప్పుడు మైకు పట్టుకుని "మీ అభిప్రాయం?" అని అడిగితే టెన్షన్. సినిమా బాగోలేక వెళ్ళిపోవడం లేదు. బాగుంది కాబట్టే వెళ్ళిపోతున్నాను.

ఇంకో సంగతి. చర్చ ఎంతసేపో ముందు చెప్పరు. ఆఖరి బస్సు పట్టుకోవాల్సినవాళ్ళం ఉంటాం. "సరిగ్గా 40 నిమిషాలు, 8:50కి ముగుస్తుంది" అని చెప్పి, చెప్పినట్టు ముగిస్తే ధైర్యంగా కూర్చుంటాం.

ప్రొజెక్టర్‌బాబాయ్ | ఆదివారం ఉదయం 10:40

మూడోవరస చెప్పింది అక్షరాలా నిజం. 22 ఏళ్ళుగా రీళ్ళూ, డిస్కులూ, ఫైళ్ళూ అన్నీ ఆడించాను. నా మొదటి మాట: పేర్లు పడుతుండగా లైటు వేయకండి. ఆ పేర్లు పనిచేసినవాళ్ళవి, అదొక మర్యాద. అంతకంటే ముఖ్యం, ఆ మూడు నాలుగు నిమిషాలు ప్రేక్షకులవి. సంగీతం పూర్తిగా ఆగాక గోడల మీద ఉన్న చిన్న లైట్లు మాత్రం మెల్లగా పెంచండి. డిమ్మర్ లేకపోతే మొదట వెనక వైపు ఒక దీపం, అర నిమిషం ఆగి పక్కలవి, అలా వరసగా వేసుకుంటూ రండి. నడినెత్తి మీద ట్యూబులైట్లు అసలే వద్దు.

రెండో మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోవద్దు. చర్చ నిలవకపోవడానికి కారణం చాలాసార్లు ప్రదర్శనలోనే ఉంటుంది. తెర మీద బొమ్మ సాగిపోయి ఉంటే, మాట ముందు, పెదవులు తర్వాత కదులుతుంటే, రెండు గంటలు దాన్ని భరించిన మనిషికి ఇంకో అరగంట కూర్చునే ఓపిక ఉండదు.

ఈ మూడూ చూడండి. పాత సినిమాలు చాలావరకు 1.37 కొలతలో తీసినవి, అంటే వెడల్పు ఎత్తుకి 1.37 రెట్లు, దాదాపు చదరానికి దగ్గరగా ఉండే బొమ్మ. దాన్ని ఇప్పటి వెడల్పు తెర నిండా లాగితే మొహాలు గుమ్మడికాయల్లా అయిపోతాయి. పక్కన నల్లటి ఖాళీ ఉంటే ఉండనీయండి. ప్రొజెక్టర్ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ లాంటి పేరుతో ఏదైనా ఉంటే ఆపేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీసినది. మధ్యలో మెషీను తనకు తోచిన ఫ్రేములు కలిపిందంటే సినిమాకి సీరియల్ రూపు వస్తుంది. ఇక స్పీకర్లకి బ్లూటూత్ వాడకండి. ధ్వని ఆలస్యమవుతుంది. పదో వంతు సెకను తేడా వచ్చినా కంటికి పట్టేస్తుంది. వైరు వేసుకోండి. ఎవరైనా చప్పట్లు కొడుతున్న వీడియో ఒకటి ఆడించి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకోటి. ఖాళీ హాల్లో సౌండు సరిపెట్టుకుని వదిలేయకండి. మనుషుల ఒళ్ళు, బట్టలు ధ్వనిని పీల్చేస్తాయి. జనం నిండాక అదే వాల్యూము చిన్నదైపోతుంది. మొదటి పది నిమిషాలు మీలో ఒకరు వెనక వరసలో నిలబడి వినాలి.

నలుపుతెలుపు | ఆదివారం మధ్యాహ్నం 12:25

బాబాయ్ గారు ప్రదర్శన గురించి చెప్పారు. నేను ఒక పాత సంగతి గుర్తు చేస్తాను, ఎందుకంటే మీరు పడుతున్న తిప్పలు కొత్తవి కావు.

సినిమా చూడటం, చూశాక కూర్చుని మాట్లాడుకోవడం, ఈ రెండూ కలిసే ఫిల్మ్ సొసైటీలు బలపడ్డాయి. లండన్‌లో ఫిల్మ్ సొసైటీ 1925లో మొదలైంది. మామూలు హాళ్ళలో ఆడని సినిమాలు, సెన్సారు ఒప్పుకోని సినిమాలు సభ్యులకు చూపించేవారు. 1929లో సోవియట్ దర్శకుడు ఐజెన్‌స్టీన్ తన సినిమా ప్రదర్శనకి స్వయంగా వచ్చాడు. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా, మరికొందరు మిత్రులు కలిసి కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. అప్పటికి రాయ్ అడ్వర్టైజింగ్ కంపెనీలో బొమ్మలు వేసే ఉద్యోగి. ఆయన మొదటి సినిమా 1955లో వచ్చింది. మధ్యలో ఆ ఎనిమిదేళ్ళు ఆయన చూసినవీ మాట్లాడుకున్నవీ ఎంత పని చేసి ఉంటాయో ఊహించుకోవచ్చు. 1959లో దేశంలోని సొసైటీలన్నీ ఒక సమాఖ్యగా ఏర్పడితే దానికి ఆయనే అధ్యక్షుడయ్యాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, 11 మంది మిగిలారని దిగులు పడకండి. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో ల్యుమియేర్ సోదరులు డబ్బు తీసుకుని మొదటిసారి సినిమా చూపించినప్పుడు వచ్చింది 33 మంది అని చెప్తారు. మీ దగ్గర అసలు బాధ అంకె కాదు, ఆ 11 మందిలో తొమ్మిది మంది మాట్లాడలేకపోవడం.

ఎర్రకుర్చీ | ఆదివారం మధ్యాహ్నం 1:15

నాకు వేరే అభిప్రాయం ఉంది. ప్రతి సినిమాకీ చర్చ పెట్టాలా? కొన్ని సినిమాలు చూశాక మౌనంగా ఇంటికి నడిచి వెళ్ళాలనిపిస్తుంది. ఆ నడక కూడా సినిమాలో భాగమే. వెంటనే పదిమంది తలో మాట అంటుంటే నా లోపల ఇంకా ఆడుతున్న సినిమా ఆగిపోతుంది. మెట్ల మీద వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారంటే కార్యక్రమం గెలిచినట్టే కదా. దాన్ని మైకు ముందుకి లాక్కురావాల్సిన అవసరం ఏముంది?

ప్రశ్నార్థకం | ఆదివారం మధ్యాహ్నం 3:48

ఎర్రకుర్చీ గారి మాటలో సగం ఒప్పుకుంటాను. కొన్నిటికి చర్చ మర్నాడో, వారం తర్వాతో పెడితే మేలు. మేం ఒకసారి ఒక యుద్ధం డాక్యుమెంటరీకి అలా చేశాం. చూసినరోజు ఏమీ మాట్లాడలేదు. తర్వాతి గురువారం కలుద్దామన్నాం. వచ్చింది తక్కువ మందే, కానీ వారమంతా మోసుకొచ్చిన మాటలు చెప్పారు.

మిగతా సగం ఒప్పుకోను. మెట్ల మీద వాళ్ళిద్దరికీ ఒకరికొకరు ఉన్నారు. ఒంటరిగా వచ్చినవాళ్ళ సంగతి? సాంస్కృతిక కేంద్రానికి ఒక్కరే వచ్చేవాళ్ళు చాలామంది. వాళ్ళకి ఆ హాలు తప్ప మెట్లు లేవు.

ఇక నడిపే పద్ధతి. నేను పదిహేనేళ్ళుగా చర్చలు నడుపుతున్నాను. చేసిన తప్పుల మీద నేర్చుకున్నవి కొన్ని చెప్తాను.

"ఎలా ఉంది?" అని ఎప్పుడూ అడగొద్దు. అలా అడిగితే జవాబు "బాగుంది" అనో "స్లోగా ఉంది" అనో వస్తుంది, తర్వాత దారి మూసుకుపోతుంది. "మీకు ఇంకా కళ్ళ ముందు ఉన్న దృశ్యం ఏది?" అని అడగండి. అభిప్రాయం చెప్పాలంటే తెలివి ఉండాలని జనం భయపడతారు. చూసింది చెప్పడానికి ఎవరికీ భయం ఉండదు. ఒకరు "బావి గట్టు మీద చెంబు" అంటారు. ఇంకొకరు "అది చెంబు కాదండీ, బకెట్టు" అంటారు. అక్కడ మొదలవుతుంది.

దానికి ముందు రెండు నిమిషాలు పక్కనున్నవాళ్ళతో మాట్లాడుకోమనండి. హాలంతా ఒక్కసారి గలగలమంటుంది. పక్కవాళ్ళతో ఒకసారి అన్నమాట అందరి ముందూ అనడం తేలిక. మీ మెట్ల మీది సంభాషణ లోపలికి రావడానికి ఇదే దారి అని నా నమ్మకం.

మైకు మాత్రం చేతికి ఇవ్వకండి. మీరే పట్టుకుని వాళ్ళ నోటి దగ్గర పెట్టండి. ఇది పొగరు అనిపించొచ్చు, కానీ మైకు చేతికొచ్చిన మనిషికి కాలం తెలియదు. మీ చేతిలో ఉంటే వాక్యం పూర్తయ్యాక "ఇక్కడ ఆగుదాం, మీ మాటకి ఈ వైపు నుంచి ఎవరైనా..." అని నవ్వుతూ జరగొచ్చు. ఆ పెద్దాయన ఉన్నారే, ఆయన్ని దూరం చేసుకోవద్దు. సినిమా ముందు ఐదు నిమిషాలు దర్శకుడి గురించి పరిచయం చేయమని ఆయన్నే అడగండి. తెలిసినది చెప్పుకోవాలన్న ఆరాటం అక్కడ తీరుతుంది, అందరికీ పనికొస్తుంది కూడా.

ఉపశీర్షిక | ఆదివారం సాయంత్రం 6:30

నేను సబ్‌టైటిల్స్ రాస్తాను. చదును నేల అన్నారు కదా సంధ్యా, ఒక్కటి అడుగుతాను. మీ ఐదో వరసలో కూర్చుంటే తెర కింది అంచు కనిపిస్తుందా? కూర్చున్న మనిషి తల నేల నుంచి నాలుగడుగుల పైనే ఉంటుంది. తెర కింది అంచు అంతకంటే కిందికి ఉంటే రెండో లైను ముందువాళ్ళ జుట్టులోకి వెళ్ళిపోతుంది. మేం ఒక లైనుకి 42 అక్షరాలు దాటకుండా, రెండు లైన్లకి మించకుండా, కంటికి అందేంత సేపు ఉండేలా కుస్తీ పడి రాస్తాం. ఆ రెండో లైను కనిపించకపోతే ప్రేక్షకుడు సగం కథ చూసినట్టే. సగం కథ చూసినవాళ్ళు చర్చలో మాట్లాడటానికి జంకుతారు, తమకేదో అర్థం కాలేదనుకుంటారు. తప్పు తమది కాదని వాళ్ళకి తెలియదు.

తెరని ఎత్తలేకపోతే కుర్చీల వరసల్ని సగం కుర్చీ పక్కకి జరిపి, ఇద్దరి తలల మధ్య నుంచి కనిపించేలా వేయండి. ఖర్చు లేని పని.

వినికిడి | ఆదివారం రాత్రి 8:05

ఉపశీర్షిక అక్కా, మీరు చేసే పనికి నా నమస్కారం. నాకు ఎడమ చెవి అసలు వినపడదు, కుడి చెవికి మిషను ఉంది. సబ్‌టైటిల్స్ ఉన్న సినిమాని నేను అందరితో సమానంగా చూస్తాను. చర్చ మొదలవగానే ఆ సమానత్వం పోతుంది. ఎవరో వెనక నుంచి మైకు లేకుండా మాట్లాడతారు, అందరూ నవ్వుతారు, ఎందుకో నాకు తెలియదు. పది నిమిషాలు తల ఊపి లేచి వచ్చేస్తాను. మీ 63 మందిలో నాలాంటివాళ్ళు ఎందరున్నారో ఆలోచించండి.

"నా గొంతు పెద్దదేనండీ, మైకు వద్దు" అనేవాళ్ళకి కూడా మైకు పెట్టండి. కొన్ని హాళ్ళలో నేల కింద తీగ చుట్టి హియరింగ్ లూప్ పెడతారు, మైకులో మాట అయస్కాంత తరంగంగా నేరుగా మిషనులోని టెలికాయిల్ అనే చిన్న తీగచుట్టకి వస్తుంది. అది మైకులో అన్న మాటకే. అది లేకపోయినా, చర్చ నడిపేవారు ప్రతి ప్రశ్ననీ ఒకసారి తిరిగి చెప్తే చాలు. మాట్లాడేవారి మొహం మీద కాస్త వెలుతురు ఉండాలి, పెదవులు చూసి సగం పట్టుకుంటాం. బాబాయ్ గారు లైట్లు తగ్గించమన్నారు, నాకు మాత్రం ఆ ఒక్క చోట వెలుతురు కావాలి.

ప్రొజెక్టర్‌బాబాయ్ | ఆదివారం రాత్రి 8:40

వినికిడి గారూ, ఇన్నేళ్ళలో నాకు ఈ సంగతి తట్టలేదు. చర్చ నడిపేవాళ్ళు నిలబడే చోట పక్క నుంచి మెత్తటి దీపం ఒకటి, మైకుతో పాటు హాల్లో తిరిగే మనిషి చేతిలో చిన్న బ్యాటరీ లైటు ఒకటి. మొహం కనిపిస్తుంది, హాలంతా వెలగదు. రేపటి నుంచి నా దగ్గర అలాగే చేస్తాను.

రంగస్థలి | సోమవారం ఉదయం 7:20

అందరూ సినిమా గురించే చెప్పారు. అదే హాల్లో నాటకాలు కూడా వేస్తారని సంధ్య గారు అన్నారు కాబట్టి ఆ వైపు నుంచి.

నాటకం అయ్యాక చర్చ సినిమా చర్చ లాంటిది కాదు. సినిమాలో నటులు అక్కడ ఉండరు. నాటకంలో రెండు నిమిషాల క్రితం ఏడ్చిన మనిషే చెమటతో మీ ముందు నిలబడి ఉంటుంది. ఒకసారి నా నటి గ్రీన్ రూమ్‌లోకి కూడా వెళ్ళకుండా కుర్చీలో కూర్చుంది. మొదటి ప్రశ్న "రెండో అంకంలో మాట తడబడ్డారు కదా?" అని వచ్చింది. ఆ అమ్మాయి చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి నా నియమం ఒకటే. నటులకి 15 నిమిషాలు ఇవ్వాలి. మేకప్ తుడుచుకుని, నీళ్ళు తాగి, తమ బట్టల్లో రావాలి. ఆ 15 నిమిషాలూ ప్రేక్షకులు తమలో తాము మాట్లాడుకోవాలి. నటులు వచ్చాక వాళ్ళే ప్రేక్షకుల్ని ఒక ప్రశ్న అడిగి మొదలుపెట్టాలి.

అసలు మాట్లాడటమే కష్టమైన చోట ఇంకో దారి ఉంది. బ్రెజిల్ దర్శకుడు అగస్తో బోల్ 1970ల్లో దేశం విడిచి వెళ్ళాల్సి వచ్చాక పెరూలో పనిచేస్తున్నప్పుడు ఫోరం థియేటర్ అనే పద్ధతి రూపు దిద్దుకుంది. ఒక చిన్న నాటకం వేస్తారు. అందులో అన్యాయానికి గురైన మనిషి ఓడిపోతుంది. అదే నాటకం రెండోసారి మొదలవుతుంది. ఈసారి ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆపండి" అని లేచి వచ్చి, ఆ పాత్రలో తామే నిలబడి వేరేగా చేసి చూపించొచ్చు. మధ్యలో నడిపే మనిషిని జోకర్ అంటారు. ఈ పద్ధతి వెనక ఒక సంఘటన ఉందని బోల్ చెప్పుకున్నాడు. ప్రేక్షకుల్లో ఒకావిడ సలహా చెప్తోంది, నటులు ఎన్నిసార్లు చేసినా ఆవిడకి నచ్చలేదు, చివరికి తనే వేదిక ఎక్కి చేసి చూపించింది. మైకు ముందు మూడు ముక్కలు మాట్లాడని మనుషులు ఇలాంటి ఆటలో లేచి రావడం నేను నా కళ్ళతో చూశాను. ఇంటి పని గురించి వేసిన పది నిమిషాల ముక్కలో ఒక ముసలాయన కోడలి పాత్రలోకి వచ్చి చీపురు పట్టుకుని ఊరికే నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. హాలంతా నిశ్శబ్దం.

హాలు గురించి ఒక చిన్న మాట. తెల్ల తెర ముందు నాటకం వేయకండి, లైటంతా దాని మీద పడి వెనక్కి కొడుతుంది. నల్ల పరదా లాగేయాలి. నృత్యం ఉంటే సిమెంటు నేల మీద నేరుగా చేయించొద్దు, మోకాళ్ళు దెబ్బతింటాయి. కింద గాలి ఆడేలా వేసిన చెక్క నేల ఉండాలి. ఒకే సాయంత్రం నాటకం, సినిమా రెండూ పెడితే మధ్యలో కనీసం 40 నిమిషాలు వదలండి.

సాయంసంధ్య | సోమవారం రాత్రి 9:30

ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు. రాసుకుంటున్నాను. వినికిడి గారి మాట చదివాక మా రిజిస్టరు తీసి చూశాను. ప్రతి సినిమాకీ వచ్చి చర్చకి ముందే వెళ్ళిపోయే ఒకావిడ ఉన్నారు, చెవికి మిషను ఉంటుంది. నేను ఒక్కసారీ అడగలేదు.

రెండు సందేహాలు. మేం ఇప్పటిదాకా స్నేహితుల దగ్గరున్న డిస్కుల నుంచి వేస్తున్నాం. టికెట్ పెట్టం కదా, ఫర్వాలేదా? బహిరంగ చర్చలకి నలుగురు వక్తల్ని పిలుస్తాం, ప్రేక్షకులు మాట్లాడే టైం ఎప్పుడూ మిగలదు. దానికేం చేయాలి?

నలుపుతెలుపు | సోమవారం రాత్రి 10:50

కొన్న డిస్కయినా, నెలనెలా కట్టే స్ట్రీమింగ్ అయినా ఇంట్లో చూసుకోవడానికే. జనాన్ని పిలిచి హాల్లో వేస్తే అది బహిరంగ ప్రదర్శన అవుతుంది. టికెట్ లేనంత మాత్రాన సాధారణంగా మినహాయింపు రాదు, హక్కులు ఉన్నవాళ్ళ అనుమతి అడగాలి. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. భారతదేశంలో సినిమాకి కాపీరైటు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు.

అడగడానికి మొహమాటపడకండి. డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ములు తీసే చాలామందికి తమ సినిమా నలుగురు చూడటమే కావాలి. ఒక ఉత్తరం రాస్తే ఫైలు పంపి, చర్చకి వీడియో కాల్‌లో కూడా వస్తారు. పెద్ద సినిమాకి డీసీపీ, అంటే హాళ్ళకి పంపే డిజిటల్ కాపీ, వస్తే దానికి తాళం ఉంటుంది, కేడీఎం అంటారు. అది ఫలానా సర్వర్ మీద, ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్యే తెరుచుకుంటుంది. మాకు ఒకసారి కరెంటు పోయి ఆట రెండు గంటలు ఆలస్యమైంది. కరెంటు వచ్చేసరికి తాళం గడువు అయిపోయింది. 90 మందిని వెనక్కి పంపాల్సి వచ్చింది. అప్పటి నుంచి గడువు ఒక రోజు ఎక్కువ అడుగుతాం. మీరూ అడగండి.

ప్రశ్నార్థకం | మంగళవారం ఉదయం 6:55

నలుగురు వక్తలంటే, ఒక్కొక్కరికి పది నిమిషాలు అనుకున్నా ఎవరూ అక్కడ ఆగరు, గంట దాటుతుంది. ఇద్దర్ని పిలవండి. మేం చేసే పద్ధతి చెప్తాను. హాలు మధ్యలో గుండ్రంగా ఐదు కుర్చీలు వేస్తాం, చుట్టూ జనం. నాలుగు కుర్చీల్లో వక్తలిద్దరూ, సమస్యతో నేరుగా సంబంధం ఉన్న మరో ఇద్దరూ కూర్చుంటారు. ఐదోది ఖాళీ. ఎవరికి మాట్లాడాలనిపిస్తే వాళ్ళు లేచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటారు, మాట్లాడి లేచి వెళ్తారు. మాట్లాడాలంటే నడిచి రావాలి కాబట్టి ఆలోచించి వస్తారు. వెనక ఇంకొకరు ఎదురుచూస్తూ నిలబడితే తొందరగా ముగిస్తారు. మైకు ఆ కుర్చీ దగ్గరే ఉంటుంది కాబట్టి వినికిడి గారి ఇబ్బంది కూడా కొంత తీరుతుంది.

మూడోవరస | మంగళవారం ఉదయం 8:12

నడిచి వెళ్ళి మధ్యలో కూర్చోవడం నావల్ల కాదు. నాలాంటివాళ్ళకి చీటీ రాసి ఇచ్చే వీలు కూడా ఉంచండి. పేరు లేకుండా.

సాయంసంధ్య | నాలుగు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 11:00

నిన్నటి కార్యక్రమం సంగతి చెప్పాలి. ఈసారి దర్శకురాలికి ఉత్తరం రాసి అనుమతి తీసుకున్నాం. 61 మంది వచ్చారు. తెరని ఒకటిన్నర అడుగు పైకి ఎత్తాం, వరసలు అటూ ఇటూ జరిపాం. పేర్లన్నీ పడనిచ్చాం. గోడ లైట్లు మెల్లగా వేసి, 12 నిమిషాల విరామం, 8:50కి ముగుస్తుందని తలుపు మీద రాసి పెట్టాం. విరామం తర్వాత 38 మంది తిరిగి వచ్చి కూర్చున్నారు.

పాత సినిమాల గురించి చెప్పే పెద్దాయన ఈసారి ముందు పరిచయం చేశారు. ఆరు నిమిషాలు, చాలా బాగా చెప్పారు. చర్చలో ఒకే ఒక్కసారి మాట్లాడారు.

"ఇంకా కళ్ళ ముందున్న దృశ్యం ఏది?" అని అడిగాక కాసేపు ఎవరూ కదల్లేదు. నాకు గుండె దడదడలాడింది. అప్పుడు మూల కూర్చున్న ఒకావిడ, అరవై దాటి ఉంటారు, "ఆ పిల్ల తలుపు తీసే ముందు గడియ మీద చెయ్యి పెట్టి ఆగిందమ్మా. మా అక్క అలాగే ఆగేది" అన్నారు. ఇంకేం చెప్పలేదు. అక్క ఎవరో, ఎందుకు ఆగేదో చెప్పలేదు, మేం అడగలేదు. వెనక నుంచి ఒక కుర్రాడు, ఆ గడియ చప్పుడు సినిమాలో మూడుసార్లు వస్తుందని, మూడోసారి చప్పుడు లేదని అన్నాడు. నేను ఆ సినిమా ముందే రెండుసార్లు చూశాను. ఆ సంగతి పట్టుకోలేదు.

కుదరనివి కూడా ఉన్నాయి. చీటీలు పంచాం గానీ పెన్నులు నాలుగే ఉన్నాయి, సగం చీటీలు ఖాళీగా వచ్చాయి. ప్రొజెక్టర్ ఫ్యాను చప్పుడు చర్చలో బాగా వినిపించింది, ఆపేయడం మర్చిపోయాం. ఒకరు ఏడు నిమిషాలు మాట్లాడితే నేను ఆపలేకపోయాను. చెవి మిషను ఉన్న ఆవిడని మొదటి వరసలో కూర్చోబెట్టి, ఒక అమ్మాయి లాప్‌టాప్‌లో మాటలు టైపు చేస్తూ చూపించింది. టైపింగ్ వెనకబడింది, అయినా ఆవిడ ఆఖరిదాకా ఉన్నారు.

ప్రొజెక్టర్‌బాబాయ్ | ఆదివారం మధ్యాహ్నం 12:20

చాలా సంతోషం తల్లీ. ఆపేటప్పుడు ప్లగ్గు లాగేయకండి. బటన్ నొక్కితే దీపం ఆరి, ఫ్యాను కాసేపు తిరిగి తనే ఆగుతుంది. ఆ వేడి పోవడానికి మీ విరామం చాలు. అప్పుడే ఆపేస్తే చర్చకి నిశ్శబ్దం ఉంటుంది.

వినికిడి | ఆదివారం మధ్యాహ్నం 2:45

ఆ అమ్మాయికి నా తరఫున థాంక్స్ చెప్పండి. టైపింగ్ ఒక్కరి వల్ల కాదు, ఇద్దరు ఉండి పది నిమిషాలకొకసారి మారాలి. వచ్చేది నాటకం కదా, దానికి సబ్‌టైటిల్స్ ఉండవు. స్క్రిప్టు ముందే ఇస్తే ఆవిడ చదువుకుని వస్తారు, హాల్లో పెదవులు పట్టుకోవడం తేలికవుతుంది.

రంగస్థలి | ఆదివారం సాయంత్రం 5:10

తప్పకుండా ఇవ్వండి. కథ ముందే తెలిసిపోతుందని కొందరు దర్శకులు వెనకాడతారు. తెలిసిన కథే కదా మనం నాటకంగా మళ్ళీ మళ్ళీ చూసేది.

సాయంసంధ్య | ఆదివారం రాత్రి 9:05

నాటకం 22న. దర్శకుడితో ఇప్పుడే మాట్లాడాను, ఒప్పుకున్నారు. స్క్రిప్టు 15 కల్లా చేతికొస్తుంది, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించి ఆవిడకి నేనే ఇచ్చి వస్తాను. పెన్నులు ఈసారి 50 కొంటున్నాం.